పాత బండికి కొత్త సైలెన్సర్: విప్పడం, బిగించడం, మధ్యలో వచ్చే తిప్పలు

హీరో హోండా స్ప్లెండర్, ప్యాషన్, సీడీ 100 లాంటి పాత బండికి సైలెన్సర్ మార్చడం గంట పని. కానీ సైలెన్సర్ పైపును ఇంజను హెడ్డుకు పట్టి ఉంచే రెండు నట్లలో ఒకదాని స్టడ్డు (నట్టు ఎక్కే, హెడ్డులోకి దిగి ఉండే తల లేని బోల్టు) విరిగిందంటే అదే పని మూడు రోజులకు పోతుంది. బండి ఇంటి ముందు, మీరు లేత్ దుకాణం ముందు. అందుకే ఇక్కడ కొత్తది బిగించడం కన్నా పాతది విప్పడం గురించే ఎక్కువ రాశాం. కొలతలన్నీ 100 సీసీ ఫోర్ స్ట్రోక్ బండ్లవి. బుల్లెట్, ఆర్ఎక్స్ 100 సంగతి అవసరమైన చోట చెప్తాం.

ముందు, మార్చాల్సిందేనా?

జంగు సైలెన్సర్‌ను బయట నుంచి కంటే లోపల నుంచే ఎక్కువ తింటుంది. పెట్రోలు మండినప్పుడు పొగతో పాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు. హనుమకొండ నుంచి ములుగు దాకా, అంత దూరం పోయొస్తే సైలెన్సర్ బాగా కాలి, ఆ ఆవిరంతా బయటికి పోతుంది. ఇంటి నుంచి పొలం దాకా, హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా పోయి ఆపేసే బండిలో సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు. ఆవిరి లోపలే నీరై, మసితో కలిసి అడుగున నిలుస్తుంది. దాని కోసమే కంపెనీ సైలెన్సర్ కింద ఒక చిన్న రంధ్రం పెడుతుంది. నాట్ల టైంలో బురద అంటి ఆ రంధ్రం మూసుకుపోతుంది. కొందరు వెల్డింగ్ చేయించేటప్పుడు "ఇక్కడో తూటు ఉంది" అని దాన్నీ మూయిస్తారు. ఏడాది తిరిగేలోపు అడుగు రేకు జల్లెడవుతుంది.

చల్లగా ఉన్నప్పుడు స్క్రూడ్రైవర్ పిడితో సైలెన్సర్ కింది వైపు మొత్తం కొట్టి వినండి. ఖంగుమంటే రేకు బాగుంది. డబ్ అని మొద్దుగా పలికితే అక్కడ రేకు పలచబడింది. చేత్తో పట్టి ఊపితే లోపల గలగలమంటే బ్యాఫిల్ (శబ్దం తగ్గించే లోపలి రేకు) ఊడింది, దానికి బయట నుంచి వైద్యం లేదు. పైపు మీద ఒక్కచోట చిన్న చీలిక ఉండి, చుట్టూ రేకు గట్టిగా ఉంటే గ్యాస్ వెల్డింగ్ చేయించుకోవచ్చు. జంగు పట్టి పలచబడిన రేకు మీద వెల్డింగ్ పెడితే పూడ్చిన తూటు పక్కనే రెండు కొత్తవి పడతాయి. చేత్తో పిసికి పెట్టే సీలు ముద్ద ఆ వేడికి నాలుగు రోజులు కూడా నిలవదు.

కొనేటప్పుడు

స్ప్లెండర్‌కూ ప్యాషన్‌కూ ఒకటే వస్తుందని దుకాణంలో చెప్తారు. పైపు వంపు కలిసినా, వెనక బోల్టు రంధ్రం, డబుల్ స్టాండు ఆనే రబ్బరు చోటు మోడల్‌ను బట్టి మారతాయి. వీలైతే పాత సైలెన్సర్ విప్పి చేత పట్టుకుపోవడమే మేలు. బండి మీదనే పోవాల్సి వస్తే, హెడ్డు దగ్గరి ఫ్లేంజి (పైపును హెడ్డుకు బిగించే రెండు రంధ్రాల పట్టీ) నుంచి వెనక బోల్టు రంధ్రం మధ్య దాకా టేపుతో కొలిచి, కుడి వైపు నుంచి, కింద నుంచి రెండు ఫొటోలు తీసుకోండి.

దుకాణంలో కొత్తదాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూడండి. తేలిగ్గా ఉంటే రేకు పలచన, బ్యాఫిల్ పేరుకే ఉంటుంది. ఫ్లేంజి కూడా దాంతో వస్తే, దాన్ని అద్దాల బల్ల మీద బోర్లా పెడితే నాలుగు వైపులా ఆనాలి. ఊగితే అది రేపు హెడ్డు దగ్గర లీకయ్యేదే. పైపు మూతి లోపల వేలు పెట్టి తిప్పండి. వెల్డింగ్ గడ్డలు లోపలికి పొడుచుకు వచ్చి ఉంటే ఇంకొకటి అడగండి. మీ పాత సైలెన్సర్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులు తగ్గించే భాగం) ఉంటే అది ఉన్నదే కొనాలి.

సైలెన్సర్‌తో పాటు ఇవి కూడా తీసుకోండి, తర్వాత ఇంకోసారి తిరగకుండా: ఎగ్జాస్ట్ గ్యాస్కెట్ రింగు ఒకటి (రెండు తీసుకున్నా నష్టం లేదు, విలువ తక్కువ), 6 ఎంఎం స్టడ్లు రెండు, వాటికి ఇత్తడి నట్లు రెండు, వెనక బోల్టు, దాని రబ్బరు బుష్, ఆ బుష్ లోపలి ఇనుప గొట్టం, స్టాండు రబ్బరు, ఒక చిన్న ట్యూబు కాపర్ గ్రీజు. ఇత్తడి నట్టు ఎందుకంటే, ఇనుప స్టడ్డు మీద ఇత్తడి జంగు పట్టి అతుక్కోదు. పదేళ్ల తర్వాత విప్పేవాడు, అది మీరే అయినా, సుఖపడతాడు.

డబడబలాడే సైలెన్సర్ పెట్టుకోవాలని ఉంటే ఒక లెక్క తెలుసుకోండి. కంపెనీ నుంచి బండి బయటికొచ్చేటప్పుడు 80 సీసీ దాటి 175 సీసీ దాకా ఉన్న బండికి శబ్దం పరిమితి 77 డెసిబెల్స్, అంతకు మించిన బండికి 80. ఆ నిబంధనలు దాటించిన బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా గాని, మూడు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడొచ్చు. లైసెన్సు మూడు నెలలు పక్కన పెడతారు. 15 ఏళ్లు దాటిన బండి ఆర్సీ రెన్యువల్‌కు ఆర్టీఏ ఆఫీసుకు తీసుకుపోతే అక్కడా సైలెన్సర్ కంట్లో పడుతుంది. పైగా ఖాళీ గొట్టం లాంటి సైలెన్సర్ పెడితే కార్బొరేటర్ లెక్క తప్పి, పెట్రోలు తక్కువై గాలి ఎక్కువై ఇంజను కాలుతుంది.

విప్పడం: ఒక రోజు ముందే మొదలుపెట్టాలి

పానాలు: 10 నంబరు ఆరు మూలల సాకెట్ లేదా టీ పానా, 12, 14, 17 నంబరు రింగు పానాలు. పన్నెండు మూలల సాకెట్ వద్దు. జంగు తిని మూలలు అరిగిన నట్టు మీద అది జారి నట్టును గుండ్రం చేస్తుంది. ఇంకా వైరు బ్రష్షు, సన్న స్క్రూడ్రైవర్, సుత్తి, హ్యాక్సా బ్లేడు కావాలి.

ముందు రోజు సాయంత్రం బండి రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపండి. హెడ్డు గోరువెచ్చగా ఉండాలి, కాలకూడదు. రెండు నట్ల చుట్టూ, స్టడ్డు బయటికి కనిపించే చోట, వైరు బ్రష్షుతో రుద్ది జంగు పొడి రాల్చండి. ఆ పొడి ఉన్నంతసేపు నూనె లోపలికి దిగదు. తర్వాత డబ్ల్యూడీ-40 లాంటిది గాని, ఏదీ లేకపోతే డీజిల్ గాని నట్టు మీదా, నట్టుకూ ఫ్లేంజికీ మధ్య సందులోనూ పోయండి. హెడ్డు చల్లబడుతూ ఆ నూనెను సందుల్లోకి పీల్చుకుంటుంది. రాత్రి పడుకునే ముందు ఒకసారి, పొద్దున లేచాక ఒకసారి మళ్లీ పోయండి. ఇంజన్ ఆయిల్ దీనికి పనికిరాదు, చిక్కగా ఉండి పైనే నిలుస్తుంది.

మరునాడు బండిని డబుల్ స్టాండు మీద గట్టి నేలపై నిలబెట్టండి. పెట్రోలు కాక్ మూసేయండి. సాకెట్ నట్టు మీద పూర్తిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూసి, ముందు బిగించే వైపు కొద్దిగా ఒత్తండి. అవును, బిగించే వైపే. టిక్కుమని ఒక చిన్న చప్పుడు వస్తే జంగు పట్టు విడిచినట్టు. అప్పుడు విప్పే వైపు పావు చుట్టు తిప్పండి. మళ్లీ అర పావు వెనక్కి. మళ్లీ నూనె. ఇలా ముందుకూ వెనక్కూ ఊపుతూ విప్పాలి. ఒకే గుంజుడుకు విప్పబోతే నట్టు లోపల ఇరుక్కున్న జంగు పొడి ముద్దకట్టి స్టడ్డును మెలేస్తుంది.

ఇక్కడ చేతికి తెలిసే తేడా ఒకటుంది. జంగు వదులుతున్న నట్టు కిర్రుకిర్రుమని గరగరలాడుతూ తిరుగుతుంది. మెలిపడుతున్న స్టడ్డు మాత్రం చప్పుడు లేకుండా, బంక సాగినట్టు మెత్తగా తిరుగుతుంది. పానా తిరుగుతోంది కదా అని సంబరపడొద్దు. ఆ మెత్తదనం తగిలిన క్షణమే ఆపేయండి. ఇంకో పావు చుట్టుకు స్టడ్డు విరిగి చేతిలోకి వస్తుంది.

అప్పుడు నట్టును బలి ఇచ్చి స్టడ్డును దక్కించుకోవాలి. హ్యాక్సా బ్లేడుతో నట్టు ఒక ముఖాన్ని, స్టడ్డు థ్రెడ్లకు తగలకుండా, పై నుంచి కిందికి కోసి, ఆ గాటులో సన్న ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొడితే నట్టు విచ్చుకుంటుంది. నట్టుతో పాటు స్టడ్డే మొత్తం ఊడి బయటికొస్తే బాధపడే పని లేదు, అది మంచిదే. కొత్త స్టడ్డు ఎలాగూ తెచ్చారు.

రెండు నట్లూ వచ్చాక వెనక బోల్టు విప్పండి, కానీ పూర్తిగా తీయకండి. సైలెన్సర్ బరువును ఒక ఇటుక మీద గాని, చెక్క ముక్క మీద గాని ఆపి, అప్పుడు బోల్టు తీయండి. కొన్ని బండ్లకు ఫ్లేంజి వెనక రెండు అర్ధచంద్రాల్లాంటి కాలర్లు ఉంటాయి. పైపు కిందికి దిగగానే అవి జారి మట్టిలో పడతాయి. కొత్త సైలెన్సర్‌తో అవి రావు, ఫ్లేంజి కూడా చాలాసార్లు రాదు. కింద ఒక పాత సంచి పరచండి. సైలెన్సర్ లేనప్పుడు బండిని స్టాండు మీద నుంచి దించొద్దు. స్టాండు ఆనే రబ్బరు సైలెన్సర్ మీదనే ఉండే బండ్లలో స్టాండు ఇంకా పైకి లేచి చెయిన్‌కు తగులుతుంది.

పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కు ఈ స్టడ్ల గోల లేదు. బెండు పైపు హెడ్డులోకి దోపి ఉంటుంది. క్లాంపులూ బోల్టులూ వదులు చేశాక, పైపును కుడి ఎడమలకు తిప్పుతూ గుంజాలి. మొండికేస్తే చెక్క ముక్క అడ్డం పెట్టి తట్టండి, నేరుగా సుత్తి వేయొద్దు.

స్టడ్డు విరిగితే

అర అంగుళమైనా బయటికి ఉంటే అదృష్టమే. దాని మీద రెండు నట్లు ఎక్కించి ఒకదానికొకటి గట్టిగా బిగించి, లోపలి నట్టును విప్పితే స్టడ్డు తిరుగుతుంది. తిరగకపోతే స్టడ్డు చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి చేయాలి. అల్యూమినియం ఇనుముకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. మంట పెట్టే ముందు పెట్రోలు ట్యాంకు తీసి దూరంగా పెట్టండి. నిన్న పోసిన డీజిల్‌ను గుడ్డతో శుభ్రంగా తుడవండి.

హెడ్డుకు సమంగా విరిగితే అది ఇంట్లో చేసే పని కాదు. విరిగిన ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి తిప్పడం ఒక దారి. దానికి ముందు బ్యాటరీ వైర్లు, సీడీఐ (ప్లగ్గుకు కరెంటు పంపే పెట్టె) కనెక్టరు ఊడదీయమని చెప్పండి. లేకపోతే వెల్డింగ్ కరెంటుకు సీడీఐ పోవచ్చు. రెండో దారి, సరిగ్గా మధ్యలో పంచ్ కొట్టి 5 ఎంఎం డ్రిల్లుతో తొలిచి, 6 ఎంఎం ట్యాప్ (థ్రెడ్లు కోసే పనిముట్టు)తో థ్రెడ్లు శుభ్రం చేయడం. డ్రిల్లు పక్కకు పోయి అల్యూమినియాన్ని తింటే హెలీ కాయిల్ (పాడైన రంధ్రంలో కొత్త థ్రెడ్లుగా పనిచేసే తీగ చుట్ట) వేయించాలి. చేత్తో పట్టే డ్రిల్లు మిషన్‌తో ప్రయోగం చేసిన హెడ్లే లేత్ దుకాణాలకు ఎక్కువ వస్తాయి.

పాత గ్యాస్కెట్: కనిపించదు, కానీ ఉంటుంది

పైపు తీశాక హెడ్డు రంధ్రంలోకి టార్చి వేసి చూస్తే అంతా నల్లగా, శుభ్రంగా కనిపిస్తుంది. గ్యాస్కెట్ పైపుతో పాటే వచ్చేసిందేమో అనిపిస్తుంది. చాలాసార్లు రాదు. ఏళ్ల తరబడి నలిగి, మసి పట్టి, హెడ్డులో ఒక భాగమైపోయి ఉంటుంది. దాని మీదే కొత్తది వేస్తే రెండు రింగుల మందం వల్ల ఫ్లేంజి సమంగా కూర్చోదు, నెల తిరగకముందే లీకు.

రంధ్రం అడుగున అంచును సన్న స్క్రూడ్రైవర్‌తో మెల్లగా గీకండి. రాగి రంగు మెరిస్తే అది గ్యాస్కెట్. వెండిలా మెరిస్తే హెడ్డు అల్యూమినియం, ఇంక గీకొద్దు. రింగు ఉంటే దాని లోపలి అంచులో స్క్రూడ్రైవర్ మొన దింపి, మధ్యలోకి మడిచి, ముక్కలుగా లాగేయండి. దానికి ముందు ఒక జాగ్రత్త. కిక్కును చేత్తో నెమ్మదిగా నొక్కుతూ పోతే ఒకచోట బరువు తగులుతుంది. అది కంప్రెషన్ స్ట్రోకు, రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి. అక్కడ ఆపి పని చేస్తే రాలిన ముక్కలు సిలిండర్‌లోకి పోవు.

కొత్త స్టడ్లను రెండు నట్ల పద్ధతిలోనే, చేత్తో తిరిగినంత తిప్పి, ఆపైన కొద్దిగా ఒత్తి వదిలేయండి. అల్యూమినియంలోకి గట్టిగా దించితే ఆ థ్రెడ్లే పోతాయి. బయటి థ్రెడ్లకు కాపర్ గ్రీజు పలచగా రాయండి.

బిగించే వరస

కొత్త గ్యాస్కెట్‌ను చిటికెడు గ్రీజుతో హెడ్డు రంధ్రంలో అంటించండి. పైపు ఎక్కించేటప్పుడు జారకుండా ఉంటుంది, ఆ గ్రీజు తర్వాత కాలిపోతుంది. పైపు ఎత్తి, కాలర్లు, ఫ్లేంజి స్టడ్ల మీదికి తెచ్చి, రెండు నట్లనూ వేళ్లతోనే తిప్పండి. పానా ఇప్పుడే ముట్టొద్దు. తర్వాత వెనక బోల్టు, అదీ వేళ్లతోనే.

వెనక రంధ్రం ఎదురుబొదురుగా రాకపోతే బండిని గాని పైపును గాని కాలితో తన్ని కలపొద్దు. అలా వంచి బిగించిన పైపు ఎప్పుడూ తిరిగి లేవాలనే చూస్తుంది. ఆ గుంజుడంతా హెడ్డు దగ్గరి రెండు సన్న స్టడ్ల మీద పడి, గుంతల రోడ్డు మీద ఒకరోజు పైపు వెల్డింగ్ దగ్గర చీలుతుంది. తేడా రెండు మూడు మిల్లీమీటర్లయితే బ్రాకెట్ రంధ్రాన్ని గుండ్రటి ఆకురాయితో సాగదీయండి. పక్కకు సందు ఉంటే ఆ మందం వాషర్లు వేయండి. అంతకు మించి తేడా ఉంటే సైలెన్సరే వేరే మోడల్‌ది, దుకాణానికి వాపసు.

అన్నీ వదులుగా కూర్చున్నాక, ముందు హెడ్డు దగ్గరి నట్లు. ఇటు అర చుట్టు, అటు అర చుట్టు, మార్చి మార్చి. ఫ్లేంజికీ హెడ్డుకూ మధ్య సందు రెండు వైపులా ఒకేలా ఉండాలి. 6 ఎంఎం నట్టుకు 10 న్యూటన్ మీటర్లు చాలు. టార్క్ పానా లేకపోతే, 15 సెంటీమీటర్ల పానా చివర ఏడు కిలోల బరువు వేలాడితే ఎంత లాగుతుందో అంతే. మణికట్టు బలం చాలు, భుజం బలం వద్దు. ఆ తర్వాతే వెనక బోల్టు. 8 ఎంఎం అయితే 22, 10 ఎంఎం అయితే 35 న్యూటన్ మీటర్లు. రబ్బరు బుష్ లోపల ఇనుప గొట్టం పెట్టడం మరిస్తే, బోల్టు బిగించిన కొద్దీ రబ్బరు నలుగుతూనే ఉంటుంది, బిగువు మాత్రం రాదు.

ఇప్పుడు సందులు చూడాలి. బ్రేకు పెడల్ పూర్తిగా తొక్కినా సైలెన్సర్‌కు తగలకూడదు. స్టాండు దించి ఎత్తి చూడండి, రబ్బరు మీదే ఆనాలి. ఇద్దరిని ఎక్కించి వెనక షాకబ్జార్లు కుంగేలా ఊపి, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టే కడ్డీ)కూ సైలెన్సర్‌కూ మధ్య వేలు పట్టేంత సందు మిగులుతోందా చూడండి. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తా వేసుకుని పోయే బండి అయితే అంత బరువుతోనే చూడాలి. ఖాళీ బండి మీద అన్నీ బాగానే కనిపిస్తాయి.

స్టార్ట్ చేసే ముందు పెట్రోలు తడిపిన గుడ్డతో క్రోమ్ మొత్తం తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. చేతి జిడ్డు వేలిముద్రలు మొదటి వేడికే క్రోమ్ మీద కాలి మచ్చలవుతాయి, తర్వాత ఎంత రుద్దినా పోవు.

స్టార్ట్ చేశాక

ఆరుబయటే స్టార్ట్ చేయండి, వాకిట్లో తలుపులు వేసుకుని కాదు. మొదటి పది పదిహేను నిమిషాలు కొత్త సైలెన్సర్ మీది నూనె పూత, మీరు పెట్టిన గ్రీజు కాలి పొగ వస్తుంది. కంగారు పడొద్దు.

ఇంజను ఇంకా చల్లగా ఉన్న మొదటి నిమిషంలోనే హెడ్డు జాయింటు దగ్గర, తగలకుండా, అరచేయి పెట్టి చూడండి. ఫుట్ ఫుట్ అని గాలి కొడితే లీకు. మందపాటి గుడ్డతో సైలెన్సర్ తోక రంధ్రాన్ని రెండు క్షణాలు మూస్తే సన్న లీకు కూడా సుయ్‌మంటుంది. అప్పటికీ తెలియకపోతే నాలుగు రోజులు నడిపి చూడండి, లీకున్న చోట హెడ్డు మీద నల్లటి మసి గీత పడుతుంది. చిట్ చిట్‌మనే ఈ లీకు శబ్దాన్ని వాల్వుల దగ్గరి ట్యాపెట్ శబ్దం అనుకుని ట్యాపెట్లు బిగించేవాళ్లున్నారు. ట్యాపెట్ శబ్దం ఇంజను వేడెక్కినా ఉంటుంది. సన్న లీకు మాత్రం చాలాసార్లు ఇనుము వేడికి సాగి మూసుకుని తగ్గుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు టపటపమని పేలితే కూడా ముందు ఈ జాయింటునే అనుమానించండి. బయటి గాలి లోపలికి పోయి, మండకుండా వచ్చిన పెట్రోలు ఆవిరి పైపులో అంటుకోవడమే అది. ఆ గాలి వల్ల పొల్యూషన్ చెకింగ్‌లో రీడింగ్ కూడా తప్పుగా వస్తుంది.

కంపెనీ తరహా సైలెన్సర్ వేస్తే కార్బొరేటర్ ముట్టాల్సిన పని లేదు. వంద కిలోమీటర్లు నడిచాక ప్లగ్గు తీసి చూడండి. బిస్కెట్ రంగులో ఉంటే సరే. సున్నం తెల్లగా ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా సైలెన్సర్ మరీ ఖాళీగా ఉంది. ఆర్ఎక్స్ 100 వాళ్లకు ఇంకో పని ఉంది. టూ స్ట్రోక్ ఆయిలు మసి తోక వైపు బ్యాఫిల్‌లో పేరుకుంటుంది. దాని బోల్టు తీసి, బ్యాఫిల్ బయటికి గుంజి, అప్పుడప్పుడు శుభ్రం చేసుకోవాలి. పికప్ తగ్గిందని సైలెన్సర్ మార్చే ముందు ఇది చూడండి.

గ్యాస్కెట్ రింగు మొదటి వేడికి ఇంకొంచెం నలుగుతుంది కాబట్టి నట్లు వదులవుతాయి. మొదటిరోజు నడిపి, రాత్రంతా చల్లబడ్డాక పొద్దున ఒకసారి, వంద కిలోమీటర్లకు ఇంకోసారి అదే 10 న్యూటన్ మీటర్లకు చూసుకోండి. కాలే ఇంజను మీద మాత్రం బిగించొద్దు. ఆ తర్వాత బండి కడిగిన ప్రతిసారీ సైలెన్సర్ కింది రంధ్రంలో సైకిలు చువ్వ ముక్కతో ఒకసారి పొడవండి. నాట్ల కాలంలో అయితే వారానికోసారి.